సముద్రము దాటవలసిన కానుక

మూలవాక్యములు: రోమా 15:25-32, 2 కొరింథీ 8:13-21



అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో పదునైదవ అధ్యాయము చివర ఒక ప్రార్థనాంశము కలదు. మనము దానిని చదివీ చదువనట్లు చదివి, పదునారవ అధ్యాయములోని వందనములకు పోవుదుము. విశ్వాసమూలమైన నీతినిగూర్చి, దేవుని యేర్పాటునుగూర్చి అంత లోతైన సంగతులు వివరించిన ఆ భక్తుడు, పత్రిక ముగించుచు, తనతోకూడ ప్రార్థనలో పోరాడుడని రోమావారిని బతిమాలుకొనుచున్నాడు. దేనికొరకు? ఒక డబ్బుసంచి క్షేమముగా ఊరు చేరుటకొరకు!

ఆయనకు రెండు భయములు ఉండెను. ఒకటి, యూదయలోని అవిధేయుల చేతిలో తాను చిక్కుకొందునేమో అని. రెండవది, తాను మోసికొనిపోవు కానుక యెరూషలేములోని పరిశుద్ధులకు ప్రీతికరముగా ఉండదేమో అని. మొదటిది దారినిగూర్చిన భయము. రెండవది పుచ్చుకొనువారి మనస్సునుగూర్చిన భయము. సముద్రమునకు ఆవల నున్న బీదలకు సహాయము పంపబూనిన ప్రతివానికి నేటివరకును ఈ రెండు భయములు తప్పలేదు.

ఈ చందా సంగతి కొంచెము వివరముగా చూతము. క్లౌదియ చక్రవర్తి దినములలో కరవు వచ్చినప్పుడు అంతియొకయ సంఘము యూదయలోని సహోదరులకు సహాయము పంపెను (అపొ. 11). తరువాత మాసిదోనియ, అకయ, గలతీయ సంఘములలో పౌలు మరియొక పెద్ద చందా ఎత్తెను. కొరింథువారు సంవత్సరము క్రిందటనే ఉత్సాహముతో మొదలుపెట్టిరి గాని మధ్యలో చల్లబడిరి. నిరుపేదలైన మాసిదోనియవారు తమ శక్తికి మించి ఇచ్చిరి. ఆనాడు బ్యాంకు లేదు, మనియార్డరు లేదు. నాణెములు మూటగట్టి మనుష్యులే మోయవలెను. అందుచేత పౌలు ఆదివారము ఆదివారము కొంత తీసిపెట్టుమని నియమించెను. సొమ్ము తీసికొనిపోవువారిని సంఘములే ఏర్పరచుకొనవలెననెను. అపొస్తలుల కార్యములు ఇరువదవ అధ్యాయములో సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయియు, తిమోతి, తుకికు, త్రోఫిము అని వరుసగా పేళ్లు వచ్చును. మన బడిపిల్లలు నోరు తిరుగక నవ్వుకొను ఆ పేళ్లు ఊరక వ్రాయబడలేదు. వారు ఆ మూటకు కాపుదల, లెక్కకు సాక్షులు. ఓడ ఎక్కబోవు సమయమున కుట్ర బయటపడగా పౌలు దారి మార్చి మాసిదోనియ మీదుగా చుట్టు తిరిగి వెళ్లెను. ధర్మకార్యము కదా అని దారి సాఫీగా పరచబడలేదు.

మన నల్లగొండ జిల్లా క్రైస్తవులకు ఈ వాక్యము పరాయి సంగతి కాదు. 1890లో అబ్రహాము ఫ్రీజెన్ దొరగారు నల్లగొండకు వచ్చి పరిచర్య ప్రారంభించిరి. వారు రష్యా చక్రవర్తి ఏలుబడిలోని మెన్నొనైట్ బ్రదరెన్ సంఘమువారు. మొలోచ్నా అను ప్రాంతమునకు చెందినవారు. నేడు అది ఉక్రెయిను దేశము. అచ్చటి రైతులు గోధుమలు పండించుకొనువారు. వారు తమ పంటలోనుండి తీసిన సొమ్మును పంపగా, అది ఎన్నో దేశములు దాటి మన జిల్లాకు వచ్చెను. మనలో ఎందరి తాతముత్తాతలు ఆ కానుకల నీడలో అక్షరములు దిద్దుకొనిరో, మందు త్రాగిరో ప్రభువునకే తెలియును. మొదటి ప్రపంచయుద్ధమును, దాని వెంబడి విప్లవమును వచ్చి ఆ సహాయము తెగిపోయెను.

ఆ తరువాత కథ మనలో చాలమందికి తెలియదు. అదే మొలోచ్నాలో అంతర్యుద్ధము, దోపిడి, జ్వరములు, వెనువెంటనే 1921-22 సంవత్సరముల ఘోరమైన కరవు వచ్చెను. గాదెలు నిండుగా ఉండిన రైతులు పస్తులుండిరి. అమెరికాలోని మెన్నొనైటులు 1920లో ఒక కేంద్ర సహాయసంఘమును ఏర్పరచి, ముగ్గురు యువకులను వెంటనే ఓడనెక్కించిరి. ప్రేమకు కొదువ లేదు, సొమ్మునకు కొదువ లేదు. కాని ఆ ముగ్గురిలో క్లేటన్ క్రాట్జ్ అను ఇరువది నాలుగేండ్ల యువకుడు ఆ దేశములో అడుగుపెట్టిన కొద్ది వారములకే సైనికులచేత పట్టబడెను. ఆ మీదట అతని జాడ ఎవరికిని తెలియలేదు. యుద్ధము చేత దారి మూతపడెను. కొత్త ప్రభుత్వముతో ఒడంబడిక కుదురుటకు 1921 అక్టోబరు వరకు పట్టెను. మొలోచ్నాలో గంజికేంద్రములు తెరువబడినది 1922 మార్చి నెలలో! సహాయసంఘము పుట్టినది మొదలు మొదటి గిన్నె నిండు వరకు ఏడాదిన్నర గడచెను. ఆ ఏడాదిన్నరలో పూడ్చబడినవారి మాట ఏమందుము?

నల్లగొండకు ఇచ్చిన చేతులే గిన్నె చాచవలసి వచ్చెను. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో పౌలు చెప్పిన సమానత్వము ఇదే. నేడు మీ సమృద్ధి వారి అక్కరకు, రేపు వారి సమృద్ధి మీ అక్కరకు. అది అలంకారపు మాట అని ఎవరైన తలచినయెడల మొలోచ్నా వైపు చూడవలెను.

ఓడ రేవునకు వచ్చినంత మాత్రమున అన్నము నోటికి రాదు. 1876-78 సంవత్సరముల కరవులో చెన్నపట్టణమునకు ఓడలమీద ధాన్యము వచ్చి చేరెను. ఆనాడు అక్కడ ఓడలు నిలుచు సరియైన హార్బరు కట్టబడలేదు. అలలకు ఎదురుగా మసూలా పడవలలో బస్తాలను దింపి ఒడ్డున కుప్పలు వేసిరి. బస్తాలు కొండలవలె సముద్రపుటొడ్డున పేరుకొనగా, లోపలి జిల్లాలలో జనము రాలిపోయిరి. ఎగుమతి వర్తకులు మాత్రము ఆ సంవత్సరములలోనే హిందూదేశపు గోధుమలను ఇంగ్లాండుకు ఓడలకెత్తుచుండిరి. రేవునుండి పల్లెకు పోవు ఆ చివరి దారియే అన్నిటికంటె పొడవైన దారి. ఒంగోలులోని క్లౌ దొరగారు దీనిని గ్రహించి, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము తామే గుత్తకు తీసికొని, బోధకులను మేస్త్రీలుగా పెట్టి వేలమందికి కూలి ఇప్పించిరి. కూలిగా ఇచ్చినందున పుచ్చుకొన్నవాడు తల వంచుకొనవలసిన పని లేకపోయెను.

మన ప్రాంతపు వృద్ధులకు అమెరికా ఓడల గోధుమలు, బడిలో పెట్టిన నూక ఉప్మా, పాలపొడి ఇంకను జ్ఞాపకమే. భారత ప్రభుత్వమును అమెరికా ప్రభుత్వమును 1951 జూలైలో ఒడంబడిక చేసికొని, సహాయపు సరకులకు సుంకము తీసివేసి, రేవునుండి లోపలికి మోయు ఖర్చును మన ప్రభుత్వమే భరించునట్లు ఏర్పాటు చేసిరి. ఆ కాగితము లేనియెడల ఎన్ని పాలడబ్బాలు రేవు గోదాములలో పురుగుపట్టి ఉండునో! ఆ గోధుమలతోనే వయ్యారిభామ మొక్క విత్తనములు కూడ మన దేశమునకు వచ్చెనని విస్తారముగా చెప్పుదురు. మీ గట్లమీద పెరుకువాని చేతికి దురద పెట్టు ఆ మొక్కను చూచినప్పుడు గోధుమలలో గురుగుల ఉపమానము జ్ఞాపకము చేసికొనుడి. ఇచ్చువాడు బస్తాలో ఏమి కలిసినదో కూడ చూచుకొనవలెను.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మన హాలియా పొలములను తడిపెను. జొన్నలకు మొగము వాచిన భూమిలో వరి పండినది. మిర్యాలగూడెము మిల్లుల బియ్యము దేశమంతట తినుచున్నారు. పుచ్చుకొన్నవారము ఇచ్చువారమైతిమి. 1903లోనే, చేతిలో ఏమియు లేని దినములలో, తెలుగు బాప్టిస్టు సంఘములు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు మిషనరీగా పంపినవి. చెరకు, తేయాకు తోటలలోని తెలుగు కూలీలకొరకు ఆయన సముద్రము దాటెను. ఇక వరి పండు మనము ఇయ్యలేమనుట ఎట్లు?

2025 మార్చి 28న బర్మాదేశములో మాండలే ప్రాంతమున గొప్ప భూకంపము కలిగినప్పుడు మన యువజన సమాజమువారు లారీ బియ్యమును, పాత బట్టలను కూడబెట్టి ఓడమీద పంపరాదా అని అడిగిరి. ఆ ప్రశ్నకై దేవునికి స్తోత్రము. కాని ఒక లారీ బియ్యము సముద్రము దాటవలెనన్న ఏమి కావలెనో కూడ తెలిసికొనవలెను. పురుగు లేదను ధ్రువపత్రము, కస్టమ్సు కాగితములు, ఓడ కిరాయి, ఆవలి రేవులో పుచ్చుకొనుటకు అధికారము గల సంస్థ, సరకు నిలిచినన్ని దినములు రేవు అద్దె – ఇవన్నియు కావలెను. మన దేశములో కరవు భయము కలిగినప్పుడు ఎగుమతియే ఆగిపోవును. 2023 జూలైలో సాధారణ తెల్లబియ్యపు ఎగుమతి నిషేధింపబడి, 2024 సెప్టెంబరు వరకు అట్లే ఉండెను. అదిగాక బర్మా తానే వరిదేశము. మన పెద్దల కాలములో రంగూను బియ్యము చెన్నరాజధానికి ఓడలమీద వచ్చెడిది. అచ్చటనే కొనదగిన బియ్యమును ఇచ్చటనుండి మోయుటలో కిరాయి తప్ప బీదవానికి మిగులునది లేదు.

ఇక అనుమతి సంగతి. 2008 మే నెలలో అదే దేశమును నర్గిస్ తుపాను ముంచినప్పుడు, సహాయసామగ్రితో వచ్చిన అమెరికా యుద్ధనౌకలు తీరమునకు ఎదుట వారముల తరబడి వేచియుండి, దిగుటకు సెలవు దొరకక జూను నెలలో తిరిగి పోయెను. ఓడ ఉన్నది, అన్నము ఉన్నది, ఆకలి ఉన్నది. మధ్యనున్న నీటిని దాటుటకు ఒక్క సంతకము లేకపోయెను. పాత బట్టల మాట చెప్పనక్కరలేదు. 2004 డిసెంబరు సునామీ తరువాత నాగపట్టణము వైపు రోడ్ల ప్రక్కన బట్టలు కుప్పలుగా పడియుండెను. ఇల్లు పోయిన జాలరి స్త్రీకి వేరొకరు విడిచిన చినిగిన రవికె ఇచ్చుట ఉపకారమా, అవమానమా? మన బీరువా ఖాళీ చేసికొనుటకు ఆమె దుఃఖమును వాడుకొనరాదు.

ఇంత తంటా ఎందుకు, ఊరకుందము అని కొందరందురు. మరికొందరు తెలివిగా, ఎవరి చేతిలోనైన కొంత పెట్టినయెడల కాగితములు కదలునందురు. వీరిద్దరికిని కైసరయ చెరసాలలో జవాబు కలదు. అధిపతియైన ఫేలిక్సు పౌలును మాటిమాటికి పిలిపించి మాటలాడుచుండెను. సువార్త వినుటకు కాదు, లంచము దొరకునేమోనని (అపొ. 24:26). తన జనులకు దానద్రవ్యము తెచ్చితినని పౌలు అతని యెదుటనే చెప్పియుండెను. డబ్బు మోయువాడు అని ఫేలిక్సు చెవినపడినది. పౌలు రెండు సంవత్సరములు చెరలో కూర్చుండెను గాని చేయి తడుపలేదు. బీదలకొరకు ఎత్తిన సొమ్ములోనుండి అధికారికి పంచియిచ్చిన, అది బీదల కంచములోనుండి తీసినదే యగును.

కాబట్టి ఈ కోతపండుగలో వచ్చు ధాన్యమును మిల్లు ధరకు అమ్మి సొమ్ము చేయుదము. మన దేశపు ట్రస్టు సొమ్మును వెలుపల ఖర్చుపెట్టుటకు పన్ను చట్టమును, విదేశీమారకపు నిబంధనలును అడ్డుగా ఉన్నవి. అందుచేత అట్టి అనుమతి ఇదివరకే గలిగి, ఆ దేశపు సంఘములతో కలిసి పనిచేయు సంస్థ ద్వారానే ఇయ్యవలెను. అట్టిది దొరకువరకు సొమ్ము బ్యాంకులో వేరుగా ఉండును. మందిరపు కప్పునకైనను, పాస్టరు జీతమునకైనను దానిని ముట్టరాదు. ఇద్దరు పెద్దలును, స్త్రీల సమాజమునుండి ఒక సహోదరియు కలిసి లెక్కించి సంతకము చేయుదురు. లెక్క నెలనెల మందిరపు తలుపున అంటింపబడును. ఇది అపనమ్మకము కాదు. తన్నుగూర్చి ఎవడును తప్పు మోపకుండ, ప్రభువు దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును పౌలు జాగ్రత్తపడెను. అపొస్తలునికి అక్కరయైన సాక్షులు మనకు అక్కర లేదా?

రెండవ భయము ఇంకను మిగిలియున్నది. దారి కుదిరినను, కానుక ప్రీతికరమగునా? క్లౌ దొరగారు కరవు సాగినంత కాలము, ఒక సంవత్సరమునకు పైగా, బాప్తిస్మము అడిగినవారికి ఇయ్యలేదు. గింజలకొరకు వచ్చిరన్న మాట వారిమీద పడకూడదనియు, కూలికిని విశ్వాసమునకును ముడిపెట్టరాదనియు వారి తలంపు. సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము పంపు సంచిమీద మన సంఘము పేరు పెద్ద అక్షరములతో ఉండవలెనా అని ఒక సహోదరుడు అడిగెను. అక్కరలేదు. ఫోటోలును అక్కరలేదు. రసీదు చాలును.

యెరూషలేమువారు పౌలు తెచ్చిన మూటను పుచ్చుకొని ఏమనిరో లూకా వ్రాయలేదు. పెద్దలు ఆయనను సంతోషముతో చేర్చుకొనిరనియు, కొన్ని దినములకే ఆయన దేవాలయములో పట్టబడెననియు మాత్రము వ్రాసెను. స్పెయినుకు పోవుచు రోమాను చూతుననుకొన్నవాడు సంకెళ్లతో ఓడ ఎక్కెను. అది అలెక్సంద్రియనుండి గోధుమలు మోయు ఓడ. తుపానులో 276 మంది ప్రాణములు దక్కించుకొనుటకు ఆ గోధుమలను సముద్రములో పారబోసిరి. తడిసి, చలికి వణకుచు మెలితే ద్వీపమున ఒడ్డెక్కిన వారికి ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టిరి. వారు యూదులు కారు, క్రైస్తవులును కారు; పౌలు ఎవరో వారికి తెలియదు. మూడు నెలల తరువాత పౌలు మరల ఓడ ఎక్కినప్పుడు, దారికి కావలసిన వస్తువులన్నిటిని వారే తెచ్చి ఓడలో ఉంచిరి.