కడుగగా వెలసిన చిత్రము

కాటారము మీదుగా మహాదేవపురము దాటి కాళేశ్వరమునకు పోవు బాట భక్తులకు క్రొత్తది కాదు. గోదావరీ ప్రాణహితలు కలిసి, అంతర్వాహినియైన సరస్వతితో కూడి త్రివేణి యనిపించుకొన్న ఆ చోట ఒకే పానవట్టముపై రెండు లింగములు నెలకొనియున్నవి. ఒకటి కాళేశ్వరుడు, రెండవది ముక్తీశ్వరుడు. శ్రీశైల ద్రాక్షారామములతో పాటు త్రిలింగ క్షేత్రములలో ఒకటిగా దీనిని పెద్దలు లెక్కించిరి. 2025 మే 15 నుండి 26 వరకు అచ్చట సరస్వతీ పుష్కరములు జరిగినప్పుడు జనము తండోపతండములుగా తరలి వచ్చి మునిగిరి.

పుష్కరమైనను జాతరయైనను, మునిగినప్పటి భక్తి ఒడ్డెక్కిన పిమ్మట ఏమగుచున్నది? శరణధర్మము అడుగు ప్రశ్న ఇది. విడిచిన బట్ట, తిన్న ఆకు, వాడిన పూలదండ, ప్లాస్టిక్ సంచి అన్నియు నీటనే విడిచి, "గంగమ్మ తీసికొని పోవునులే" యని వెనుదిరుగువారు ఏ రేవునందైనను కానవత్తురు. తల్లీ యని మ్రొక్కిన చేతితోనే ఆమె ఒడిలో చెత్త పోయుట ఏపాటి భక్తి?

బసవేశ్వరుడు విద్య నేర్చినదియు, కడకు లింగైక్యము పొందినదియు కూడలసంగమమున. అదియు కృష్ణా మలప్రభలు కలియు నదీసంగమమే. ఆ సంగమదేవుని పేరునే ఆయన తన వచనములకు ముద్రగా నుంచెను. నిలిచియుండు స్థావరము కంటె చరించు జంగమమునకు ఆయన పెద్దపీట వేసెను. జంగమమనగా శివజ్ఞానముతో ఊరూర సంచరించు గురుమూర్తి. ఆ భావమును కొంచెము విస్తరించి చూచినచో నదియు జంగమమువంటిదే. అది ఊరూర తిరుగును, కులమడుగదు, దప్పిగొన్న వారందరికి నీరిచ్చును, తనకై ఏమియు దాచుకొనదు. వాకిట నిలిచిన జంగమును చూచి మొగము త్రిప్పుకొనుట భక్తునికి ఎంత అపచారమో, ఒడ్డున పారు నదిని చూచి మొగము త్రిప్పుకొనుట ఊరికి అంత అపచారము.

నగరములు ఈ అపచారము చేసినవి. 1591లో హైదరాబాదు నగరము మూసీ ఒడ్డున వెలసెను. 1908 సెప్టెంబరు 28న ఆ నది ఉగ్రరూపము దాల్చి వేలాది ప్రాణములను బలిగొనెను. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మేధావుల సలహాతో వరదను అడ్డుటకు జలాశయములు తలపెట్టిరి. 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము సిద్ధమైనవి. వరద భయము తగ్గినది. భయముతో పాటు గౌరవమును తగ్గినది. పెరిగిన నగరము తన మురుగును నదిలోనికి వదలి, దాని ప్రక్కగా ముక్కు మూసికొని పోవుట అలవాటు చేసికొనెను.

ఇటలీ దేశమున రోము నగరమునకు ఆధారమైన టైబరు నది కథయు ఇంచుమించు ఇట్టిదే. 1870 డిసెంబరులో వరద ముంచివేయగా, ఆ నగరమువారు నదికి ఇరుప్రక్కల ఎత్తైన రాతిగోడలు కట్టిరి. నగరము బ్రతికినది గాని నదికి దూరమైనది. కాలక్రమమున ఆ గోడలకు పాచి పట్టి, పొగ మసి కమ్మి, నల్లబారెను.

2016లో విలియమ్ కెంట్రిడ్జ్ అను దక్షిణాఫ్రికా చిత్రకారుడు ఆ గోడపై ఐదువందల మీటర్లకు మించిన పొడవున ఒక చిత్రమాలను రూపొందించెను. అందలి బొమ్మలు ఎనుబదికి పైగా కలవు. కొన్ని పది మీటర్ల ఎత్తువి. రోము చరిత్రలోని విజయములును విలాపములును అందు ప్రక్కప్రక్కన నడచును. ఏప్రిల్ 21 రోము నగరము పుట్టినరోజని అచ్చటివారి నమ్మిక. ఆ రోజున రెండు మేళములు గోడ ఇరుకొనల నుండి పాడుచు ఎదురెదురుగా నడచి వచ్చినవి. చిరకాలముగా ఎడబాసిన నదీతీరమునకు నగర జనము దిగివచ్చెను.

ఇందులోని విశేషమేమనగా, ఆ చిత్రమునకు రంగు వాడలేదు. బొమ్మల ఆకారమున కత్తిరించిన పలకలను గోడకు ఆనించి, వాని చుట్టును బలమైన నీటిధారతో కడిగిరి. కడిగిన మేర రాయి తెల్లబడెను. కడుగక విడిచిన మేర బొమ్మయై నిలిచెను. క్రొత్తగా పూసినది లేదు, కడుగుటయే చిత్రము గీయుట.

ఈ మాట వినగానే శరణులకు మడివాలు మాచయ్య తలపునకు రాకుండునా? జనగామ జిల్లా పాలకుర్తితో పేరు ముడివడిన పాల్కురికి సోమనాథుడు తన ద్విపద బసవపురాణమున ఆ భక్తుని కథ చెప్పెను. మాచయ్య చాకలి. శరణుల బట్టలు ఉదుకుటయే ఆయన కాయకము. బట్టలోని తెలుపును ఆయన బయటినుండి తేలేదు. అది లోననే కలదు. పైనున్న మురికిని పోగొట్టుటయే ఆయన పని. నదీతీరపు అందమును అట్టిదే. అది కొని తెచ్చి అతికించునది కాదు, పైబడిన మాలిన్యమును తొలగింపగా తానై తోచునది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మురుగు మురుగుగానే పారుచుండగా గట్టు గోడకు రంగులు పూసినచో అది విభూతి పూసికొని అబద్ధమాడువాని భక్తివంటిది. రోములో కడుగబడినది గోడ మాత్రమే. నదీజలమును శుద్ధిచేయుట చిత్రకారుని వశము కాదు. అది ప్రభుత్వము, పురపాలకము పూనుకొనవలసిన కార్యము. తీరము అందగించుటకై అచ్చటి పేదవాని గూడు చెదరుటయు బసవధర్మమునకు సమ్మతము కాదు. వానికి నీడ ముందు, తీరమునకు సొబగు తరువాత. అట్లైనచో కళ వలన ప్రయోజనమేమి? త్రిప్పుకొన్న మొగమును అది నదివైపునకు మరల్చును. చూడని దానిని ఎవ్వరును బాగుచేయరు.

ఈ పాఠము తెలంగాణమునకు రోము నేర్పవలసినది కాదు. బతుకమ్మ యనునది ఊరంతయు కలిసి చేయు కళ. తంగేడు, గునుగు కోసి తెచ్చి, వరుసలుగా పేర్చి, చుట్టును తిరిగి ఆడిపాడి, కడకు ఆ పూలను నీటికే అప్పగింతురు. ఆడుటకు నేల శుభ్రము కావలెను, నిమజ్జనమునకు నీరుండవలెను. హైదరాబాదున అంబరుపేటలో ఈ పండుగ పేరు మోయు బతుకమ్మకుంట మట్టి, శిథిలములతో పూడి కనుమరుగైయుండెను. త్రవ్వగా నీరు మరల ఊరెను. 2025లో ఆ కుంట తిరిగి జనులకు దక్కి, బతుకమ్మలను తన ఒడిలోనికి స్వీకరించెను. పేరు బ్రతికియుండుట వలననే నీరును బ్రతికెను.

కాళేశ్వరపు మెట్లయొద్దనైనను, కాటారపు ఇంటి వాకిటనైనను చేయవలసినది ఇంతియే. ముగ్గు పెట్టు ఇల్లాలు ముందుగా నేల ఊడ్చి నీరు చల్లును. ఊడ్వని వాకిట ముగ్గు నిలువదని ఆమెకు ఎవ్వరును బోధింపలేదు. తీర్థమునకు పోవు భక్తుడు ఒక సంచి వెంట కొనిపోయి, తన చెత్తను తానే వెనుకకు తెచ్చుకొనవలెను. ఇది కాయకము. ఇతరులు విడిచిన దానిని గూడ ఇంత ఎత్తి తెచ్చుట దాసోహము. పిల్లలచేత రేవు గట్టుపై బొమ్మలు వేయింప దలచు ఊరి పెద్దలు ముందుగా వారితో కలిసి ఆ గట్టు కడుగవలెను. తాను కడిగిన గట్టుపై ఏ పిల్లవాడును ఉమ్మివేయడు.

టైబరు గోడపై బొమ్మలకు మరల మసి పట్టునని, అవి చెరగిపోవునని చిత్రకారునికి ముందే తెలియును. అనుకొన్నట్లే అవి మసకబారినవి. అందుకు చింతింప నక్కరలేదు. శరణుడు ప్రతిదినము ఇష్టలింగమును కరతలమున నుంచుకొని అభిషేకించును. నిన్న కడిగితినని నేడు మానడు. నేడు కడిగితినని రేపు మరువడు. అరచేతి లింగమునకు చేయు ఆ సేవనే ఊరి నదికిని చేయగలిగిననాడు సంగమదేవుడు గుడిలోనే కాక గట్టు మీదను దర్శనమిచ్చును.

శివార్పణమస్తు.