నడుం నొప్పికి నిషిద్ధ వైద్యమా?



ఒక శుక్రవారం తెనాలిలో జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముప్పై ఏళ్లు ధాన్యం బస్తాలు మోసిన ముఠా కూలీ. రుకూలోకి వంగితే మళ్ళీ లేవలేకపోతున్నారు. "మౌల్వీ సాబ్! గాడిద మాంసం తింటే నడుం నొప్పి పోతుందంటున్నారు. కూరలా కాదు, మందులా తింటాను. అప్పుడు కూడా తప్పేనా?" అని మెల్లగా అడిగారు.

ఆయన అడిగి తెలుసుకున్నారు, అల్‌హందులిల్లాహ్. అడగకుండానే ఇలాంటి 'మందుల'కు చేయి చాచేవారి గురించే నా దిగులంతా.

ఈ నమ్మకం మన కోస్తా జిల్లాల్లో ఎప్పటి నుంచో ఉంది. గాడిద మాంసం నడుం నొప్పికీ, ఉబ్బసానికీ మంచిదనీ, రక్తం తాగితే బలం వస్తుందనీ చెబుతుంటారు. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు దాడి చేసి సుమారు 400 కిలోల గాడిద మాంసం పట్టుకున్నారు. మన దేశ ఆహార భద్రతా నిబంధనల్లో ఆహారానికి వధించదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు. 2012లో దేశంలో సుమారు 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణన నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. ఇక ఆ మాంసంతో నడుం నొప్పి పోతుందనడానికి వైద్యశాస్త్రంలో రుజువు లేదు.

అయితే విశ్వాసికి రుజువు కంటే ముందు మరో ప్రశ్న ఉంటుంది: ఇది హలాలా, హరామా?

హిజ్రీ 7వ సంవత్సరం (క్రీ.శ. 628) ఖైబర్ పోరాట సందర్భాన్ని తలచుకోండి. సహాబాలు తీవ్రమైన ఆకలితో ఉన్నారు. పెంపుడు గాడిదలను కోసి వండుతున్నారు. కుండలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. అంతలో ఆ మాంసం నిషిద్ధమని దైవప్రవక్త (సఅసం) తరఫున ప్రకటన వెలువడింది. వెంటనే ఆ కుండలను బోర్లించేశారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది. ఆకలితో కడుపు మాడుతున్నా ఉడికిన కూరను నేలపాలు చేసిన ఆ మహనీయుల వారసులం మనం. నొప్పి పేరుతో అదే కుండను తిరిగి పొయ్యి మీద పెట్టవచ్చా? ఇక రక్తం సంగతి అంటారా, కారే రక్తాన్ని దివ్య ఖుర్ఆన్ స్వయంగా నిషేధించింది.

"మందుగా కూడానా?" అని మీరనవచ్చు. నిషిద్ధ వస్తువులతో వైద్యం చేసుకోవద్దని దైవప్రవక్త (సఅసం) వారించినట్లు అబూ దావూద్‌లో ఉంది. ప్రాణం పోయే పరిస్థితిలో, మరో దారే లేనప్పుడు ధర్మం వెసులుబాటు ఇచ్చింది, నిజమే. కానీ నడుం నొప్పి అలాంటి పరిస్థితి కాదు. దానికి హలాల్ దారులు ఎన్నో ఉన్నాయి.

నొప్పిని మౌనంగా భరించమని ఇస్లాం చెప్పలేదు. వైద్యం చేయించుకోమనే ఆదేశించింది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (సఅసం) స్వయంగా పరామర్శకు వెళ్ళారు. ఆయన ఛాతీ మీద చేయి వేసి, సఖీఫ్ తెగ వైద్యుడు హారిస్ బిన్ కలదా దగ్గరకు వెళ్ళమన్నారు. దుఆ చేసే ప్రవక్తే వైద్యుని చిరునామా కూడా చెప్పారు! ఈ రెంటినీ విడదీయకూడదు.

మన ఇళ్ళలోనే అల్లాహ్ ఎన్ని అనుగ్రహాలు ఉంచాడో చూడండి. తెనాలి పక్కనే దుగ్గిరాల పసుపు మార్కెట్ ఉంది. రాత్రి వేడి పాలలో చిటికెడు పసుపు, కాస్త మిరియాల పొడి కలిపి తాగవచ్చు. మిరియాలు తోడైతే పసుపులోని సారం ఒంటికి బాగా పడుతుంది. ఉప్పునో ఇసుకనో వేయించి, గుడ్డలో మూటగట్టి, చర్మం కాలకుండా కాపడం పెడితే బిగుసుకున్న కండరాలు సడలుతాయి. నువ్వుల నూనెతో మెల్లగా మర్దన చేసినా హాయిగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద మందు కదలిక. మామూలు నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. రోజుల తరబడి మంచం పట్టకుండా, ఓర్చుకోగలిగినంత నడవడమే మేలు. రేపల్లె పొలాల్లో నాట్లు వేసే అక్కాచెల్లెళ్ళు మధ్యమధ్యలో లేచి నడుం నిలుపుకోవాలి. బస్తా ఎత్తేవారు నడుం కాదు, మోకాళ్ళు వంచి ఎత్తాలి.

అలాగని ప్రకృతిసిద్ధమైనదంతా అందరికీ మంచిదే అనుకోకండి. తేనెలో స్వస్థత ఉందని ఖుర్ఆన్ తెలిపింది. అయినా ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించకూడదు. షుగర్ ఉన్నవారు కొలత చూసుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు పసుపును మందులా తీసుకోవాలంటే డాక్టరును అడగాలి. కలోంజీ తింటున్నామని బీపీ, షుగర్ మాత్రలు ఆపకూడదు. హిజామా నేర్చినవారితో, శుభ్రమైన పరికరాలతోనే చేయించుకోవాలి.

పేరూ ఊరూ లేని కీళ్ళనొప్పుల పొడుల విషయంలో మరీ జాగ్రత్త. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది. తర్వాత మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు చెబుతోంది. డాక్టరుకు చూపించకుండా రోజూ నొప్పి బిళ్ళలు మింగినా మూత్రపిండాలు, కడుపు దెబ్బతింటాయి.

నొప్పితోపాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరం వచ్చినా, కిందపడ్డాక మొదలైనా ఇంటి వైద్యం పక్కనపెట్టి వెంటనే వెళ్ళండి. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ప్రభుత్వాసుపత్రులున్నాయి.

ఇక దుఆ. నొప్పి ఉన్నచోట చేయి పెట్టి, మూడుసార్లు బిస్మిల్లాహ్ చెప్పి, అల్లాహ్ శక్తిసామర్థ్యాల ఆశ్రయం ఏడుసార్లు కోరమని దైవప్రవక్త (సఅసం) ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కు నేర్పారు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) జబ్బుగా ఉన్నప్పుడు, నిలబడి నమాజు చేయలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చేయమన్నారు. వంగలేనివారికి అల్లాహ్ ఇచ్చిన ఈ సౌకర్యాన్ని వాడుకోవడానికి సిగ్గెందుకు?

ఆ పెద్దాయనకు ఇవన్నీ చెప్పాను. "చాచా! ఆ మాంసానికి పెట్టే డబ్బుతో డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కుర్చీలో కూర్చుని నమాజు చేయండి" అన్నాను. ఆయన తల దించుకుని, "డాక్టరు బరువు మొయ్యొద్దంటాడు. మొయ్యకపోతే ఇల్లెలా గడుస్తుంది మౌల్వీ సాబ్?" అన్నారు. వెంటనే నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు చెప్పాల్సింది మనమంతా. ఇంట్లో ఎదిగిన కొడుకులు చెప్పాలి, మస్జిద్ కమిటీ చెప్పాలి, జకాత్ ఇచ్చే చేతులు చెప్పాలి. పేదవాడి నొప్పికి హలాల్ దారి చూపకుండా హరామ్ తప్పని ఉపన్యాసం చెప్పి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. మీ వీధిలో నడుం పట్టుకుని నడిచేవారెవరో ఈ రోజే చూడండి.

అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! హలాల్‌తో తృప్తిపడే మనసును, సాటివారి బరువు పంచుకునే భాగ్యాన్ని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.