చక్కెర అంకె రోగి నేరమా?



ఆసా రాజు పాదముల జబ్బు గూర్చి రెండవ దినవృత్తాంతముల 16వ అధ్యాయములో చదువుచున్నాము. మన కట్టంగూరు చుట్టుపట్ల మధుమేహముతో కాలికి పుండుపడినవారికి ఆ వాక్యము చూపి మందులు మానిపించువారు కొందరున్నారు. ఇది తగదు. లూకా వైద్యుడే గదా. అయితే వైద్యుని యొద్దకు పోయి వచ్చినవారు చెప్పుకొను బాధ వేరు. అది న్యాయమైనది.

కాగితము మీది అంకె చూచి, "అన్నం మానలేదా?" అని గద్దించి, మరియొక మాత్ర చేర్చి పంపుదురు. ఇంట ఏమి వండుదురో, కూలికి ఏ వేళ పోవుదురో, మందులు ఎన్ని దినములకు చాలినవో అడుగరు. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన పథకముతో రేషను కార్డున్నవారికి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా వచ్చుచున్నది. దానిని విడిచి జొన్నలు కొనుక్కొనుమనుట చెప్పువారికి సులభమే. యోబు స్నేహితులును పుండ్లతో కూర్చున్నవానిని చూచి, తప్పు నీదేనని తేల్చిరి. యోబు వారిని ఎటువంటి వైద్యులనెనో 13వ అధ్యాయములో చూడుడు.

వైద్యునికి తీరిక లేదందురు. నిజమే, ఆ వరుసలో మనమును నిలిచినవారమే. గాని గద్దించుటకును సమయము పట్టును గదా! గద్దింపుకు జడిసి రోగి పరీక్షకు ముందు రెండు దినములు కడుపు మాడ్చుకొని వచ్చును, తిన్నది దాచును, తుదకు రాకనే మానుకొనును.

అంకెకు విలువ లేదని మనమనుట లేదు. చక్కెరను అదుపులో ఉంచినచో కండ్లకు, మూత్రపిండములకు హాని తగ్గునని 1998లో బ్రిటను పరిశోధన చూపెను. అయితే అమెరికా, కెనడాలలో 10,251 మందిపై జరిగి 2008లో ఫలితములు వెలువడిన అకార్డ్ అను పరిశోధన సంగతి వినుడు. మూడు నెలల సగటును 6 శాతము కంటె దిగువకు తేవలెనని తీవ్రముగా మందులిచ్చిన సగములో 257 మంది, మామూలుగా చూచిన సగములో 203 మంది మరణించిరి. ఆ తీవ్ర చికిత్సను నడుమనే నిలిపివేసిరి. కనుక పొలము పనిచేయు యువకునికిని, గుండె జబ్బుతో ఒంటరిగానుండు వృద్ధురాలికిని ఒకే అంకె నిర్ణయించుట సరికాదు.

మన సంఘములకు మరి దగ్గరి సంగతి ఒకటి కలదు. ఉపవాస ప్రార్థన దినమున గ్లిమిపిరైడ్ వంటి మాత్రగాని ఇన్సులిన్‌గాని ఎప్పటివలె తీసికొని, ఏమియు తినక కూర్చున్నవారికి చెమటలు పట్టును, చేతులు వణకును, మాట తడబడును. ఆత్మావేశమని చుట్టునున్నవారు అనుకొనవచ్చును. అది చక్కెర 70కి దిగువకు పడిపోవుటయై ఉండవచ్చును. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగింపవలెను. స్పృహ తప్పినయెడల నోట ఏమియు పోయక ఆసుపత్రికి కొనిపోవలెను. ప్రాణము పోవచ్చును. నీవు ఉపవాసముందువా అని వైద్యుడు అడుగుటకు అరనిమిషము పట్టదు.

అడుగనిచో మనమే చెప్పుదము. ఏ వేళ తిందుమో, ఏ మాత్ర ఎప్పుడు అయిపోయినదో దాచక చెప్పుదము. పాదములు చూడుమని అడుగుదము. సంఘ పెద్దలలో ఒకరు తోడు వెళ్లినయెడల మరి మంచిది, ముఖ్యముగా డాక్టరుగారి ఎదుట నోరు పెగలని మన తల్లులకు.