కదలకుండా పడుకోవడమూ ప్రార్థనే



గత తపస్సుకాలంలో కొన్ని వారాలపాటు ఈ శీర్షిక మీకు కనిపించలేదు. "స్వాములవారికి ఏమైంది?" అని కొందరు పాఠకులు ఉత్తరాలు రాశారు. మా విచారణలోని పెద్దలు నేరుగా వచ్చి అడిగారు. "చిన్నపాటి పరీక్షల కోసం పట్నం వెళ్లి వస్తున్నాను" అని అందరికీ ఒకే జవాబు చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. కాని నిజమూ కాదు. ఆ నిజం చెప్పడానికే ఈ వారం కలం పట్టాను. నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. విభూది బుధవారం మొదలుకొని మ్రానికొమ్మల ఆదివారానికి ముందటి శుక్రవారం వరకు, వారానికి 5 రోజుల చొప్పున 28 రోజులు రేడియేషన్ చికిత్స చేయించుకున్నాను.

ఎందుకు దాచాను? రోగుల మంచాల దగ్గర కూర్చుని, "బాధను ప్రభువుకు అప్పగించండి, సిగ్గుపడకండి" అని ముప్పై ఏళ్లకు పైగా బోధించిన వాణ్ణి నేను. నా వంతు వచ్చేసరికి ఆ జబ్బు ఏ అవయవానికి వచ్చిందో చెప్పడానికి నోరు రాలేదు. గుండె జబ్బయితే చెప్పేవాణ్ణి. షుగరయితే పదిమందిలోనే మాత్ర వేసుకునేవాణ్ణి. ఇది అలాంటిది కాదనుకున్నాను. పునీత పౌలుగారు కొరింతీయులకు రాస్తూ, శరీరంలో బలహీనమైనవిగా కనిపించే అవయవాలే ఎక్కువ అవసరమైనవనీ, మనం తక్కువగా ఎంచే అవయవాలకే ఎక్కువ గౌరవం ఇవ్వాలనీ చెప్పారు (1 కొరింతీ 12:22-23). ఆ వచనాల మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. అవి నా శరీరం గురించి కూడా రాసినవని మాత్రం తోచలేదు.

ఈ సిగ్గు వల్ల నష్టం కూడా జరిగింది. ప్రోస్టేట్ పురుషులకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వయసుతోపాటు చాలామందిలో పెరుగుతుంది. పెరిగినంత మాత్రాన అది క్యాన్సర్ కాదు. కాని క్యాన్సర్ అయితే మొదట్లో చాలామందికి ఏ బాధా తెలియదు. నేను రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవవలసి వచ్చింది. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుని ఎనిమిది నెలలు గడిపాను. చివరికి డాక్టరుగారు పరీక్షించి, పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష చేయించి, సూదితో ముక్క తీసి చూపించాక సంగతి బయటపడింది. ఆ ఎనిమిది నెలల తప్పు నాదే, మరెవరిదీ కాదు. యాభై దాటిన మగవాళ్లు ఈ పరీక్ష అవసరమో కాదో డాక్టరుతో ఒకసారి మాట్లాడటం మంచిది. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని ఈ జబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే మాట్లాడాలి.

ఊళ్లలో ఈ చికిత్సను "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాట వినగానే ఒళ్లు కాలుతుందని, షాకు కొడుతుందని భయపడతారు. నేనూ భయపడ్డాను. నిజానికి అందులో కరెంటు ఒంటికి తగలదు. 1895లో జర్మనీలో రాంట్‌జన్ అనే శాస్త్రవేత్త ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. ఎముక విరిగితే ఫోటో తీసే కిరణాలు అవే. వాటికంటే ఎన్నో రెట్లు శక్తిగల కిరణాలను ఒక పెద్ద యంత్రం అనేక దిక్కుల నుంచి ఆ గ్రంథి మీదికి గురిపెడుతుంది. క్యాన్సర్ కణాలు ఆ దెబ్బ నుంచి కోలుకోలేవు. చుట్టుపక్కల మంచి కణాలకూ కొంత దెబ్బ తగులుతుంది గాని, అవి చాలావరకు తమను తాము బాగుచేసుకోగలవు. అందుకే మోతాదు అంతా ఒక్కరోజే ఇవ్వకుండా రోజుకు కొంచెం కొంచెంగా ఇస్తారు. కిరణం కంటికి కనిపించదు, ఒంటికి తెలియదు. ఇంటికి వచ్చాక మనుమల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. బయటి యంత్రంతో చేసే ఈ చికిత్స వల్ల మన ఒంట్లో కిరణాలు మిగిలి ఉండవు.

మొదలుపెట్టే ముందు స్కాన్ తీసి, గురి తప్పకుండా నడుము దగ్గర మూడు చిన్న పచ్చబొట్టు చుక్కలు పొడిచారు. "ఇవి చెరిగిపోవు ఫాదరుగారూ" అన్నాడు ఆ కుర్రవాడు. నాకు నవ్వొచ్చింది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం, ఈ మూడూ ఆత్మ మీద చెరగని ముద్రలు వేస్తాయని సత్యోపదేశంలో పిల్లలకు నేర్పుతాం కదా! ఆ మూడూ నాకు ఉన్నాయి. ఇప్పుడు ఒంటి మీద ఇంకో మూడు.

ప్రతిరోజూ జరిగేది ఒకటే. చెప్పిన వేళకు కడుపు ఖాళీ చేసుకుని, చెప్పినన్ని నీళ్లు తాగి, మూత్రం బిగబట్టుకుని కూర్చోవాలి. పేరు పిలిచాక బల్ల మీద పడుకోవాలి. గురి సరిచూసి అందరూ గది బయటికి వెళ్లిపోతారు. బరువైన తలుపు మూసుకుంటుంది. మైకులో ఒక గొంతు, "కదలకండి" అంటుంది. అంతే. నేను చేయవలసిన పని అదొక్కటే.

ఆ పని నాకు చాలా కష్టమైంది. దివ్యపూజ చేయడం, పాపసంకీర్తనాలు వినడం, ఇళ్లు దర్శించడం, బడి లెక్కలు చూడటం, ఇదీ నా జీవితం. ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉండేవాణ్ణి. ఆ బల్ల మీద ఏమీ చేయకూడదు. చేతులు ఛాతీ మీద పెట్టుకుని ఉండాలి. జపమాల కూడా పట్టుకోనివ్వలేదు. మొదటి వారమంతా, "ప్రభూ, నేను ఎవరికీ పనికిరాకుండా పోయాను" అనే నా ప్రార్థన.

క్యాన్సర్ రోగులు వేడుకునే పునీత పెరెగ్రిన్‌గారి చరిత్ర అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఇటలీలోని ఫోర్లీ పట్టణస్థుడు, మరియమాత సేవకుల సభ సన్యాసి. 1345లో మరణించారు. 1726లో శ్రీసభ ఆయనను పునీతుల జాబితాలో చేర్చింది. తపస్సుగా ముప్పై ఏళ్లు కూర్చోకుండా నిలబడే ఉండేవారని సంప్రదాయం. చివరికి కాలికి పుండు పడి, కాలు తీసివేయాలని వైద్యుడు నిర్ణయించాడు. ఆ ముందటి రాత్రి సిలువ ఎదుట ప్రార్థిస్తూ ఆయన నిద్రపోయారట. క్రీస్తుప్రభువు సిలువ మీది నుంచి దిగివచ్చి కాలిని తాకినట్టు కల వచ్చిందట. తెల్లవారేసరికి కాలు నయమైందట. నాకు అటువంటి కల రాలేదు. తెల్లవారి ఎనిమిది గంటలకు రమ్మని చీటీ మాత్రం వచ్చింది. కాని ఒక సంగతి గమనించాను. పెరెగ్రిన్‌గారు ఆ వైద్యుణ్ణి కాదని పారిపోలేదు. ముప్పై ఏళ్లు నిలబడిన మనిషి, పడుకోవలసిన వేళ వచ్చినప్పుడు పడుకున్నారు. వైద్యుణ్ణి గౌరవించమనీ, అతణ్ణి కలిగించినవాడు దేవుడేననీ సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం కూడా చెబుతుంది (38:1-15). ప్రార్థన చేసేవాడు చికిత్స మానుకోనక్కరలేదు. చికిత్స చేయించుకునేవాడు ప్రార్థన మానుకోనక్కరలేదు.

వేచి ఉండే గదిలో నాకొక కొత్త విచారణ దొరికింది. ప్రతి ఒక్కరి చేతిలో ఒక నీళ్ల సీసా. అన్ని మతాలవారూ ఉన్నారు. చికాగో అగ్రపీఠాధిపతి కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్‌గారికి 1995లో క్లోమ క్యాన్సర్ వచ్చినప్పుడు, చికిత్సకు వెళ్లిన చోటే తోటి రోగులను పలకరిస్తూ, వాళ్ల కోసం ప్రార్థిస్తూ, దానినే తన ముఖ్యమైన సేవగా చేసుకున్నారు. 1996 నవంబరులో మరణించేదాకా అలాగే ఉన్నారు. నాకంత శక్తి లేదు. కాని పక్క కుర్చీలోని మనిషితో మాట్లాడటం నేర్చుకున్నాను.

ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. మన మతస్థుడు కాడు. రోజూ రెండు గంటలు బస్సులో ఒంటరిగా వచ్చి, ఒంటరిగా వెళ్లేవాడు. ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మూడో వారానికి నీరసం కమ్మింది. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లవలసి రావడం, విరేచనాలు. ఇవన్నీ నాకూ ఉన్నాయి. "ఇక రేపటి నుంచి మానేస్తాను ఫాదరుగారూ" అన్నాడు ఒకరోజు. "ఎవరినైనా తోడు తెచ్చుకోరాదా?" అన్నాను. "ముప్పై ఏళ్లు నేనే బండి నడిపాను. వెనక సీట్లో కూర్చోవడం నాకు చేతకాదండీ" అన్నాడు.

ఆ మాట నా నోటి నుంచి రావలసిన మాట. ఆయనకు సువిశేషంలోని పక్షవాత రోగి కథ చెప్పాను (మార్కు 2:1-12). నలుగురు అతణ్ణి మంచంతో సహా మోసుకొచ్చి, గుంపులో దారి లేక, ఇంటి కప్పు తీసి యేసుప్రభువు ముందుకు దించారు. ప్రభువు ఎవరి విశ్వాసం చూశాడు? మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం చూశాడని మార్కుగారు రాశారు. ఆ రోగి చేసిందేమిటి? మోయనిచ్చాడు. అంతే. కప్పు మీది నుంచి దించుతుంటే కదలకుండా పడుకున్నాడు. ఆయనకు చెబుతూ చెబుతూ నేనే విన్నాను. ఇన్నేళ్లూ నేను ఆ నలుగురిలో ఒకణ్ణి. ఇప్పుడు మంచం మీది మనిషిని. ప్రభువు ముందుకు చేరడానికి రెండూ దారులే.

మరునాడు ఆయన వెంట బావమరిది వచ్చాడు. నలుగురు కాదు, ఒక్కడే. కాని ఆ ఒక్కడి భుజం మీద తల వాల్చి ఆయన బస్సులో నిద్రపోయాడట. చికిత్స మానలేదు. ఆ సాయంత్రమే నేనూ మా ఉపదేశిగారికి ఫోను చేసి సంగతి చెప్పాను. మిగిలిన రోజులు మా విచారణ యువకులు వంతులు వేసుకుని నన్ను కారులో తీసుకెళ్లారు.

సహోదరులారా, ఈ అనుభవం నుంచి మూడు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, దాచుకోవద్దు. ముఖ్యంగా భార్యాభర్తలు దాచుకోవద్దు. ఈ చికిత్స వల్ల దాంపత్య జీవితంలో మార్పులు రావచ్చు. డాక్టరుతో ఇద్దరూ కలిసి మాట్లాడండి. వివాహం నాడు ఇచ్చిన మాటలో వ్యాధి కూడా ఉంది కదా! ఖర్చుకు భయపడి ఇంట్లోనే ఉండిపోవద్దు. 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి పేద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్సలో ప్రభుత్వ సాయం అందుతూ వచ్చింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

రెండవది, వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి భయపడవద్దు. స్వామి తైలం తీసుకుని వస్తే ఇక ఆశ లేదని మన కుటుంబాలు ఇప్పటికీ అనుకుంటాయి. ఇది చనిపోయేవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. పెద్ద చికిత్స మొదలుపెట్టే ముందే అడగండి. నేను విభూది బుధవారం ఉదయం నొసట బూడిదతోపాటు ఈ అభ్యంగనాన్నీ అందుకుని బయలుదేరాను.

మూడవది, విచారణలో ఎవరైనా చికిత్సకు వెళుతుంటే ఆ నలుగురిలో ఒకరు కండి. పెద్ద ఉపదేశాలు అక్కరలేదు. బస్సులో పక్క సీటు చాలు. ఏటా ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ నాడు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం జరుపుకుంటాం. పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు నెలకొల్పిన ఈ దినాన్ని 1993లో మొదటిసారి జరుపుకున్నారు. ఆ ఒక్కరోజుతో మన బాధ్యత తీరిపోదు.

నా సంగతి అడుగుతారేమో. నీరసం మెల్లగా తగ్గుతోంది. పి.ఎస్.ఏ. దిగుతోంది. అది నెలల తరబడి దిగుతుందనీ, కొన్నేళ్లు గమనిస్తూ ఉండాలనీ చెప్పారు. అలాగే అన్నాను.

పెద్ద గురువారం నాడు పాదాలు కడిగే ఓపిక నాకు లేకపోయింది. పొరుగు విచారణ గురువు వచ్చి పూజ చేశారు. కూర్చోవలసిన పన్నెండు మందిలో ఒకరు రాలేదు. మా ఉపదేశిగారు నన్ను చూపించారు. వద్దనబోయాను. తన పాదాలు కడగవద్దన్న పేతురుగారు, ఆయనకు ప్రభువు చెప్పిన జవాబు గుర్తొచ్చాయి (యోహాను 13:8). చెప్పు విప్పి కాలు ముందుకు చాచాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. కదలకుండా కూర్చున్నాను.

మోసేవారినీ మోయబడేవారినీ సర్వేశ్వరుడు ఆశీర్వదించునుగాక. వ్యాధిగ్రస్తుల ఆరోగ్యమైన మరియమాత మనందరి కోసం వేడుకొనునుగాక. ఆమెన్.