మచ్చిక చేసినవాని ఋణము

పోర్ట్ బ్లెయిర్ నగరమునకు 2024లో శ్రీ విజయపురమను పేరు కలిగెను. అందలి డైరీ ఫార్మ్ అను పేట పేరు వినగానే పశుపోషణ జ్ఞప్తికి వచ్చును. పశువును మచ్చిక చేయుటలో ఒక గంభీరమైన ప్రశ్న దాగియున్నది. ఒక ప్రాణిచేత తనయందు నమ్మిక పెట్టించినవాడు దానికి ఎంతకాలము ఋణపడియుండును?

క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున గ్రీకు రచయితయైన జెనోఫోన్ అశ్వశిక్షణను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. గుఱ్ఱపుపిల్లను శిక్షకునికి అప్పగింపకమునుపే, అది మనుష్యులను ప్రేమించునట్లు ఇంటివద్ద అలవరచవలెనని ఆయన బోధ. ఆకలిదప్పులును జోరీగల బాధయు ఒంటరితనములోనే కలుగునని, మేతయు నీరును ఉపశమనమును మనుష్యునివలననే వచ్చునని అది గ్రహింపవలెను. తాను గోకికొనలేని చోట్ల దానిని నిమరవలెను. బెదిరినయెడల కొట్టక, భయపడనక్కరలేదని శాంతముగా చూపవలెను.

ఈ పద్ధతి దయగలదే; అయినను బరువైనది. కొరడాకు లోబడిన గుఱ్ఱము కొరడా తొలగగానే విడుదల పొందును. ప్రేమకు లోబడినదో, ఆ చేయి తొలగినప్పుడు దిక్కులేనిదగును. కావున మృదువైన శిక్షణ శిక్షకునినే ఎక్కువగా బంధించును.

అండమానులలో దీనికి సాక్ష్యము గలదు. కలప లాగుటకై ఓడలమీద తేబడిన ఏనుగులు అచ్చట మావటివాని మాటకు లోబడి పనిచేసెను. 1962లో కలప వ్యాపారము మూతబడగా, ఇంటర్వ్యూ ద్వీపమున సుమారు 40 ఏనుగులు విడువబడెను. అవి అడవిపాలై పిల్లలను కనెను. మావటివాని భాష ఆ పిల్లలకు తెలియదు. వాటికి స్వేచ్ఛ లభించెను గదా యని కొందరనవచ్చును. అది అబద్ధము కాదు. కాని వాటి మేలుకోరి వాటిని విడువలేదు. పని తీరిపోయినందున విడిచిరి. ఏనుగులు ఎన్నడును లేని ఆ ద్వీపపు చెట్లు వాటివలన దెబ్బతినెను. ఒకడు తీర్పని ఋణమును మరియొకరు తీర్చిరి.

అయితే ఏ మనుష్యుడును ఎల్లకాలము నిలువడు. తలిదండ్రులు గతింతురు, కాపరి మరియొక సంఘమునకు మారును. అట్లయిన ఈ ఋణము తీరునదెట్లు? జెనోఫోన్ మాటలోనే కొంత వెలుగున్నది: పిల్లను అప్పగించు యజమానుడు అది ఏమి నేర్చి తిరిగిరావలెనో వ్రాసియియ్యవలెను. అప్పగించుట వేరు, విడిచిపెట్టుట వేరు. సిలువమీద వేదనలోనున్న ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించెను, ఆమెను విడిచిపోలేదు.

బాలుని చేయిపట్టి ఆలయమునకు నడిపించినవారును, క్రొత్త విశ్వాసిని సంఘములోనికి పిలిచినవారును అతని నమ్మికను సంపాదించుకొనిరి. ఆ చేయి తీయవలసివచ్చినప్పుడు మరియొక చేతిని చూపుట వారి విధి. నిలిచియుండుటకుగాని, అప్పగించుటకుగాని సిద్ధముకానివాడు నమ్మికను అడుగకుండుటయే న్యాయము.