తల్లిని జ్ఞాపకము చేసికొనుట ఎట్లు?

మన పల్లెల బిడ్డలనేకులు హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్ళలో ఉండి, కంప్యూటరు విద్య నేర్చి, సముద్రములు దాటి పోవుచున్నారు. వారిలో కొందరు తల్లి భూస్థాపనకు రాలేకపోవుదురు. ఊరివారు నిందింతురు. సమాధియొద్ద నిలువనివాడు తల్లిని మరచినవాడేనా?

పూర్వము ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె అను ఊరిలో మోనికా అను విధవరాలుండెను. దారితప్పిన కుమారుడు అగస్టీను కొరకు కన్నీటితో ప్రార్థించి, 385లో సముద్రము దాటి ఇటలీ దేశపు మిలాను నగరమునకు వెళ్లెను. 387 ఈస్టరునాడు అతడు బాప్తిస్మము పొందెను. ఆ యేడే స్వదేశమునకు మరలుచు, ఓస్తియా రేవులో జ్వరపడి, యేబదియారవ యేట ప్రభువునందు నిద్రించెను.

పెనిమిటి ప్రక్కనే తన్ను పాతిపెట్టవలెనని ఆమె బహుకాలము కోరినది. అయితే చివరకు, దేహమెక్కడ ఉన్నను చింతలేదనియు, ప్రభువు సన్నిధిలో తన్ను తలంచిన చాలుననియు చెప్పెను. దేవునికి దూరమైన చోటు లేదని ఆమె నమ్మిక.

388లో అగస్టీను ఆ సమాధిని విడిచి స్వదేశము చేరెను. తరువాత హిప్పో సంఘమునకు బిషప్పాయెను. తల్లి కోరినది అతని బ్రతుకులో నిలిచెను. అదియే జ్ఞాపకము.

కాబట్టి దూరముననున్నవారు కృంగవద్దు. అయితే దీనిని సాకుగాను చేసికొనవద్దు. బ్రతికియుండగా ఒక్క మాట పలుకరింపక, పోయిన పిమ్మట చలువరాతి సమాధి కట్టించిన నేమి ఫలము? మన ప్రభువు సిలువమీద వ్రేలాడుచును తన తల్లిని శిష్యునికి అప్పగించెను గదా! మీ తల్లి కోరిన మేలు మీలో బ్రతికియున్నదా?