తోక మీద ట్రాక్టరు నెంబరు

బాళగనూరు క్యాంపు,
2025 జూన్ 15

బుజ్జీ,

ఫోనులో చెబితే "ఊఁ, సరే తాతయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. చదివి చించెయ్యి, కానీ పూర్తిగా చదివాకే చించు.

మే నెలలో ఆ నాలుగు రోజులూ నీకు గుర్తుండే ఉంటాయి. 7వ తేదీ తెల్లారేసరికి టీవీల నిండా ఆపరేషన్ సిందూర్. మాక్ డ్రిల్ ఊళ్ళ జాబితాలో మన రాయచూరు పేరు విని మీ అమ్మమ్మ బియ్యం డబ్బాలన్నీ నింపించింది. సోనా మసూరి పండించే ఇంట్లో బియ్యానికి కంగారేమిటో నాకైతే అర్థం కాలేదు. రెండ్రోజుల తర్వాత పొద్దున్నే బాళగనూరు బస్టాండు పక్క హోటల్లో టీ తాగుతుంటే గౌడరుగారి అబ్బాయి ఫోను నా ముందు పెట్టాడు. చీకటి. మన సుఖోయ్. రెక్క కింద నుంచి అస్త్ర క్షిపణి నిప్పు కక్కుకుంటూ దూసుకుపోయింది. ఎక్కడో దూరాన ఎర్రగా పేలింది. హోటలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఇంకోసారి చూపించమంటే చూపించాడు, అప్పుడు కనబడింది తోక మీద నెంబరు. మన పాత ట్రాక్టరు నెంబరు, చివరి నాలుగంకెలు.

చప్పట్లు కొడుతున్న చేతులు ఆగాయి. "ఇది మా మనవడు కంప్యూటర్లో చేసిన బొమ్మయ్యా" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. టీ డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. సాయంత్రానికి అదే వీడియో మన క్యాంపు గ్రూపులో, సింధనూరు గ్రూపులో, చివరికి గుంటూరు చుట్టాల గ్రూపులో కూడా తిరిగింది. నీ పేరు ఎక్కడా లేదు. ఆట అన్న మాటా లేదు.

అది బయటికి ఎవరు వదిలారో నేను అడగను. నువ్వు వదిలావో, నీ గది స్నేహితుడు వదిలాడో నీకు తెలుసు.

మోడింగ్ అంటే ఏమిటో సంక్రాంతికి నువ్వు చెప్పినప్పుడు సగం అర్థమైంది, సగం అరిసెల గొడవలో పోయింది. డీసీఎస్ అని ఒక ఆట, కంపెనీవాళ్ళు ఇచ్చిన విమానాలు కాక జనం సొంతంగా చేసినవి కూడా అందులో ఎగరెయ్యొచ్చు అన్నావు. ముందు బ్లెండర్‌లో విమానం ఒళ్ళు చెక్కాలి, దానికి రంగుల తొడుగు వెయ్యాలి, ఆ తర్వాత లువా ఫైళ్ళలో బరువెంత, ఇంజను తోపెంత, గాలి ఎంత అడ్డుకుంటుంది అని అంకెలు పొయ్యాలి. క్షిపణి సంగతి మాత్రం నేను బాగానే పట్టుకున్నా. దాని మోటారు కాలేది కొన్ని సెకన్లే, ఆ తర్వాత పోయేదంతా ఆ ఊపు మీదే, మలుపు తిరిగినకొద్దీ ఊపు చచ్చిపోతుంది అన్నావు. వడిసెల రాయిరా అది! జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలినవాడికి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. సినిమాల్లోలాగా క్షిపణి విమానం వెనక అదే పనిగా తిరగదనీ, ఆ ఊపు తగ్గే తీరు కుదరటానికి పదిహేను రాత్రులు కూర్చున్నాననీ చెప్పావు. అప్పుడు నీ కళ్ళలోకి చూశాను. మీ నాన్న కళ్ళూ కావు, మీ అమ్మవీ కావు. నావి.

నాకూ ఆ పిచ్చి ఉండేది. ఎవరి చేతిరాతైనా రెండు రోజులు చూస్తే దించేసేవాణ్ణి. మా హెడ్మాస్టరు సంతకం ఆయనకంటే నేనే బాగా పెట్టేవాణ్ణి. సింధనూరులో టైపు నేర్చుకునే రోజుల్లో ఒకసారి హవాయి చెప్పు అడుగు కోసి, బ్లేడుతో చెక్కి, గుండ్రటి ముద్ర చేశాను. కన్నడ అక్షరాలు తిరగేసి చెక్కటం అంటే తమాషా కాదు. ఆ ముద్ర చూసుకుని నేనే మురిసిపోయాను. ఇంత చక్కటి ముద్ర ఉన్నాక దాన్ని ఎక్కడో అక్కడ గుద్దకుండా ఎలా ఉంటాం?

మన కాలవ సంగతి నీకు తెలుసుగా. తుంగభద్ర ఎడమ కాలవ మునీరాబాదు దగ్గర మొదలై గంగావతి, కారటగి, సింధనూరు మీదుగా మన దాకా వస్తుంది. 1953లో ఆనకట్టకు నీళ్ళొచ్చాక గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి జనం వచ్చి ఇక్కడ క్యాంపులు వేశారు. అక్కడ ఎకరం అమ్మిన డబ్బుకి ఇక్కడ నాలుగైదెకరాలు వచ్చే రోజులు. మా నాన్నా అలాగే వచ్చాడు. మొదటి పంటకు నీళ్ళు వస్తాయి. రెండో పంటకు వస్తాయా రావా అన్నదే ఏటేటా మా ఊపిరి. ఇప్పుడూ అంతే. దాని మీద సర్కారు నోటీసు వచ్చేదాకా ఎవడూ నారు పొయ్యడు.

ఆ నోటీసే నేను టైపు చేశాను. రెండో పంటకు నీళ్ళు వదులుతున్నామని, ఫలానా తేదీ నుంచని. ముద్ర గుద్దాను, సంతకం పెట్టాను, రాత్రి పది గంటలకు సొసైటీ గోడౌను గోడకి అంటించాను. ఇద్దరు స్నేహితులతో పందెం. పొద్దున ఎవరూ పట్టుకోలేకపోతే ఇద్దరూ నాకు సినిమా చూపించాలి. తెల్లారాక నేనే చించేద్దామనుకున్నా.

పొద్దున వెళ్ళేసరికి గోడ ముందు పాతికమంది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. మా నాన్న చదివి, ఇంకోడికి చదివి వినిపిస్తున్నాడు. ఆ గుంపులో నిలబడి నేను అనుకున్న మాట ఏమిటో తెలుసా? 'ముద్ర ఎంత బాగా వచ్చింది!' అని. అదిరా నేను ఈ ఉత్తరంలో చెప్పదలుచుకున్నది. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మురిపెం. చెబితే ఆ మొహాలు మాడిపోతాయి, నన్ను తంతారు. చెప్పకపోతే? రెండ్రోజుల్లో అసలు కబురు రానే వస్తుందిగా అనుకున్నా.

రెండ్రోజులు కాదు, రెండు వారాలు పట్టింది. ఈలోగా పక్క క్యాంపులో ఉండే మా బావ, అంటే మీ అమ్మకి మేనత్త మొగుడు, ఎనిమిదెకరాలు కౌలుకి మాట్లాడేశాడు. ముందు మాట్లాడినవాడికే చవక అని. రైసు మిల్లులో విత్తనాలు, ఎరువులు అప్పు తెచ్చాడు. వాగులో ఉన్న కాస్త నీటితో నారు పోశాడు. నారు పచ్చగా జానెడు లేచింది. ఆ తర్వాత ఎండింది. కౌలు డబ్బు తిరిగి రాలేదు, మిల్లు అప్పు తీరలేదు. ఎడ్లు అమ్మాడు. ఆ వేసవిలోనే బండెడు సామానుతో బాపట్ల తిరిగి వెళ్ళిపోయారు. నోటీసు ఎవరు అంటించారో బావకి తెలియదు. మా అక్కయ్యకి మాత్రం అనుమానం. చిన్నప్పుడు దాని చేతిరాత కూడా దించేవాణ్ణిగా. మీ అమ్మ పెళ్ళికి మేనత్త ఎందుకు రాలేదని నువ్వు ఎన్నిసార్లు అడిగావు! మోకాళ్ళ నొప్పులని మీ అమ్మమ్మ చెప్పేది. మోకాళ్ళు కాదు.

బావ పోయి పదేళ్ళు. ఆయనకి చెప్పనేలేదు.

ఇప్పుడు తెలిసిందా ఆ రోజు హోటల్లో నేను ఎందుకు నోరు మెదపలేదో? అదే మురిపెం. నా మనవడు ఎంత బాగా చేశాడో అని. నలభై ఏళ్ళ తర్వాత కూడా బుద్ధి అక్కడే ఉంది.

ఈ కాలాన్ని తిట్టకపోతే నాకు అన్నం అరగదని నీ అభిప్రాయం కదా, కాస్త తిట్టనీ. నా నోటీసు ఒక్క గోడ మీద ఉంది, చదవాలంటే మనిషి నడిచి రావాలి. ఇప్పుడు గోడే మనిషి జేబులోకి వస్తోంది. నిరుడు ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, ఏ దేశానిదో డ్యాము తెగిన వీడియో పంపి మన క్యాంపులో సగం మందికి నిద్ర లేకుండా చేశారు. ఇక మేలో టీవీలవాళ్ళు! స్టూడియోలో కూర్చుని సైరన్లు మోగించి మోగించి, చివరికి కేంద్ర హోంశాఖే ఆ సైరన్ల మోత ఆపమని చెప్పాల్సి వచ్చింది. 1971లో యుద్ధం వస్తే క్యాంపు మొత్తానికి ఒక్క రేడియో, వార్తలు అయిపోగానే కట్టేసేవాళ్ళం. బ్యాటరీ అయిపోతుందని. ఆ పిసినారితనమే మమ్మల్ని కాపాడిందేమో.

నకలు చెయ్యటం తప్పని నేననటం లేదు. తేజస్ 2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి గాలిలోకి లేచేముందు పైలట్లు దాన్ని సిమ్యులేటర్‌లో ఎన్ని గంటలు నడిపి ఉంటారు! దాని కంప్యూటరు నడకను నేల మీదే పరీక్షించటానికి 'ఐరన్ బర్డ్' అని ఇనప బొమ్మ విమానమే కట్టారు. ఆ గదిలో కూర్చున్న ప్రతివాడికీ అది నకలని తెలుసు. తెలిసినచోట నకలంత మేలు చేసేది లేదు. కూలితే బొమ్మే కూలుతుంది.

తెలియనిచోటే వస్తుంది చిక్కు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే 'కీవ్ దెయ్యం' అని ఒక పైలట్ పేరు మోగింది. అతనే రష్యా విమానాన్ని కూల్చాడంటూ లోకమంతా తిరిగిన వీడియో నీ డీసీఎస్‌లో చేసిందే. చేసినవాడు దొంగ కాదు. ఇది ఆటలోదని యూట్యూబులో కింద రాసే పెట్టాడు. జనం బొమ్మ కోసుకుని, రాతను అక్కడే వదిలేశారు. ఏప్రిల్ ఆఖరుకి ఉక్రెయిన్ వైమానిక దళమే ఆ పైలట్ ఒక కథానాయకుడు తప్ప మనిషి కాడని చెప్పింది. అదే ఏడాది నవంబరులో ఆర్మా 3 ఆట చేసిన చెక్ కంపెనీ బొహీమియా, తమ ఆటలోని బొమ్మలు నిజం యుద్ధంగా తిరుగుతున్నాయని, దొంగ వీడియోని ఎలా గుర్తుపట్టాలో ప్రకటన ఇచ్చింది. మసక బొమ్మ, ఊగే కెమెరా, తరచూ చీకటి, చప్పుడుండదు, మనుషుల కదలిక తక్కువ. నీ వీడియో కూడా చీకటిదే కదరా.

పోయినసారి మస్కి తీసుకెళ్ళినప్పుడు బండ ఎక్కటానికి ఎండ అని గోల చేశావు. ఆ బండ దగ్గర 1915లో బంగారు గనుల ఇంజనీరు బీడన్ అశోకుడి శాసనం చూశాడు. అంతకుముందు దొరికిన శాసనాల్లో చాలావాటిలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అనే ఉండేది, ఆయన ఎవరన్నది ఊహే. అశోక అన్న పేరు మన మస్కి రాతి మీద ఉంది. ఒక్క పేరు రాయటం వల్ల ఎంత గొడవ తీరిందో చూడు. నువ్వేమో నీ పేరు మానేసి ట్రాక్టరు నెంబరు రాశావు.

ఇక సూటిగా చెబుతాను, విను.

ఒకటి. 'ఇది ఆట, నిజం కాదు' అన్న మాట వీడియో కింద కాదు, బొమ్మ మధ్యలోనే, మొదటి సెకను నుంచి ఆఖరి సెకను దాకా ఉండాలి. తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో. కోసుకున్నా పోకూడదు. అందం చెడుతుందంటావు. చెడనీ.

రెండు. ఆ మే వీడియో నాదే, ఆటలోది అని నువ్వే నీ పేరుతో పెట్టు. వారంలోగా. మన క్యాంపు గ్రూపులో నేను నిన్న పెట్టేశాను. గౌడరుగారి అబ్బాయి ఇప్పటికీ నమ్మలేదు, అది వేరే సంగతి.

మూడు, ఇది అసలుది. నీకు విదేశం నుంచి ఎవరో నెట్‌లో స్నేహితుడయ్యాడని, కాక్‌పిట్ ఫోటోలు, నిజమైన మాన్యువల్ కాగితాలు దొరికితే మోడ్ అదిరిపోతుందన్నాడని, నువ్వు బీదర్ వెళ్ళి చూస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్ళొద్దు. బీదర్‌లో ఉన్నది వైమానిక స్థావరం, తోట కాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా బతికే ఉంది. రక్షణ స్థావరాల విషయంలో పద్నాలుగేళ్ళ దాకా శిక్ష. నాది ఆట కోసం అని జడ్జి ముందు చెప్పుకోవచ్చనుకోకు. యుద్ధవిమానాల సిమ్యులేటర్ కంపెనీలో పనిచేసే ఒక రష్యా దేశస్థుడు ఎఫ్-16 మాన్యువళ్ళు ఈబేలో తెప్పించుకోబోయి, జార్జియాలో దొరికి, 2019లో అమెరికాలోని యూటా కోర్టు దాకా వెళ్ళాడు. ఏడాది ఒక రోజు శిక్ష. అదే ఏడాది డిసెంబరులో ఏడుగురు నేవీ కుర్రాళ్ళని పట్టుకున్నారు. అదీ ఫేస్‌బుక్కు స్నేహంతోనే మొదలైందన్నారు. ఆ స్నేహితుణ్ణి ఇవాళే బ్లాక్ చెయ్యి. అంతకుముందు అతనితో రాసుకున్నవన్నీ మీ నాన్నకి చూపించు. చెరపకు. చెరిపితే అదే అనుమానం.

ఫోటోలు కావాలంటే ఫిబ్రవరిలో యలహంక ఏరో ఇండియాలో తీసుకున్నావుగా. సు-57, ఎఫ్-35 రెండూ ఒకే చోట చూశానని రాత్రంతా ఫోనులో ఊదరగొట్టావు. అవి చాలు. అందరికీ చూపించినదాంతోనే చెయ్యి. రాడారు అంకెలు తెలియకపోతే ఊహించి, ఊహ అని రాసిపెట్టు.

మిగిలిపోయిన ఆ రెండు సబ్జెక్టులు ఈసారైనా గట్టెక్కించు. డబ్బు అవసరమైతే మీ అమ్మని కాదు, నన్నడుగు.

జులైలో కాలవ వదిలితే నాట్లు. వస్తే సంతోషం. ఈలోగా నాకొక పని ఉంది. వచ్చే ఆదివారం బాపట్ల వెళ్తున్నాను. అక్కయ్యకి డెబ్బై అయిదు దాటాయి. ఆ ముద్ర సంగతి చెప్పాలి. ఏమంటుందో, తలుపు తీస్తుందో లేదో తెలియదు. తియ్యకపోతే పక్కనే సూర్యలంక, సముద్రం చూసి సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను. అక్కడా ఎయిర్‌ఫోర్సు వాళ్ళున్నారట. ఫోటోలు మాత్రం తియ్యను.

మీ తాతయ్య